57 శాతం ఓడింది, 51 శాతం గెలిచింది: అబార్షన్‌పై అమెరికా రాష్ట్రాల ఓటును అర్థం చేసుకోవడం

2024 నవంబరు 5న అమెరికా అధ్యక్ష ఎన్నికతో పాటే పది రాష్ట్రాల ఓటర్లు అబార్షన్ విషయంలో కూడా నేరుగా ఓటు వేశారు. గర్భస్రావ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చాలన్న ప్రతిపాదనకు ఫ్లోరిడాలో 57 శాతం మంది ‘అవును’ అన్నారు, అయినా అది ఓడిపోయింది. దాదాపు అదే హక్కును కోరిన ప్రతిపాదనకు మిస్సోరీలో 51.6 శాతం మాత్రమే ‘అవును’ వచ్చింది, అది గెలిచింది. నెబ్రాస్కాలో ఒకే బ్యాలెట్ పత్రం మీద పరస్పరం విరుద్ధమైన రెండు ప్రశ్నలు కనిపించాయి. మర్నాడు పత్రికలు ఏడు రాష్ట్రాల్లో హక్కుల పక్షం గెలిచిందనీ మూడింటిలో ఓడిందనీ లెక్క తేల్చాయి. ఆ లెక్క తప్పు కాదు. కానీ ప్రజల మనసు ఎటు ఉందో తెలుసుకోవడానికి అదొక్కటే చాలదు. అడిగిన ప్రశ్న ఏమిటో, దాన్ని ఎవరు రాశారో, గెలుపు గీత ఎక్కడ గీశారో, ఓటు ఏ నెలలో పెట్టారో చూడకుండా ఈ ఫలితాలను చదివితే పొరబడే అవకాశమే ఎక్కువ.

దేశమంతటికీ ఉన్న హక్కు రాష్ట్రాల చేతికి ఎలా వచ్చింది

1973 జనవరిలో ‘రో వర్సెస్ వేడ్’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావానికి దేశ రాజ్యాంగపు రక్షణ ఉందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు, దాన్ని కొంత మార్చి నిలబెట్టిన 1992 నాటి మరో తీర్పు కలిసి దాదాపు యాభై ఏళ్లపాటు ఒక హద్దు గీశాయి. గర్భం బయట శిశువు బతకగలిగే దశ వచ్చేవరకు ఏ రాష్ట్రమూ గర్భస్రావాన్ని పూర్తిగా నిషేధించకూడదన్నదే ఆ హద్దు. ఆ దశను వైద్యులు, న్యాయవాదులు ‘వయబిలిటీ’ అంటారు. సాధారణంగా అది 24 వారాల దరిదాపుల్లో ఉంటుందని చెబుతారు గానీ, అది గర్భాన్ని బట్టి, ఆసుపత్రిలో ఉన్న సదుపాయాన్ని బట్టి మారే అంచనాయే తప్ప క్యాలెండరులో గుర్తుపెట్టుకునే తేదీ కాదు.

మిసిసిపీ రాష్ట్రం 15 వారాల తర్వాత గర్భస్రావాన్ని నిషేధిస్తూ చేసిన చట్టం మీద నడిచిన ‘డాబ్స్’ కేసులో 2022 జూన్ 24న సుప్రీంకోర్టు ఆ రెండు తీర్పులనూ కొట్టివేసింది. గర్భస్రావాన్ని నిషేధించాలా, అనుమతించాలా అన్నది దేశ రాజ్యాంగం తేల్చిన విషయం కాదనీ, దాన్ని ప్రజలకూ వారు ఎన్నుకున్న ప్రతినిధులకూ తిరిగి అప్పగిస్తున్నామనీ తీర్పు చెప్పింది. ‘ప్రజలకు’, ‘ప్రతినిధులకు’ అన్న ఈ రెండు మాటలు పక్కపక్కనే ఉన్నా, ఆ తర్వాత మూడేళ్లలో చాలా రాష్ట్రాల్లో ఒకదానికొకటి ఎదురు నిలిచాయి.

ఇక్కడ మన పాఠకులకు అలవాటు లేని సంగతి ఒకటుంది. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం, దాని అర్థంపై చివరి మాట చెప్పే సొంత సుప్రీంకోర్టు ఉంటాయి. దేశ రాజ్యాంగం ఇవ్వని హక్కును రాష్ట్ర రాజ్యాంగం ఇవ్వగలదు. ఆ రాజ్యాంగాన్ని సవరించాలంటే, ఒక్క డెలవేర్‌లో తప్ప, ఓటర్ల ఆమోదం తప్పనిసరి. అందుకే డాబ్స్ తీర్పు తర్వాత పోరాటం రాష్ట్ర రాజ్యాంగాల మీదికి, అక్కడి నుంచి బ్యాలెట్ పత్రాల మీదికి మళ్లింది.

ప్రశ్న బ్యాలెట్ పత్రం ఎక్కే మూడు దారులు

ప్రజల ముందుకు వచ్చే ఇలాంటి ప్రశ్నలన్నిటినీ కలిపి ‘బ్యాలెట్ మెజర్’ అంటారు. మనం బ్యాలెట్ ప్రతిపాదన అనుకోవచ్చు. అయితే అన్ని ప్రతిపాదనలూ ఒకే చోట పుట్టవు. చట్టసభ తానే ఒక సవరణను ఆమోదించి ప్రజల ముద్ర కోసం పంపడం మొదటి దారి. 2014లో టెనెసీ, 2018లో అలబామా, వెస్ట్ వర్జీనియా, 2020లో లూసియానా తమ రాజ్యాంగంలో గర్భస్రావ హక్కు లేదని రాసుకున్నది ఈ దారిలోనే. డాబ్స్ తర్వాత కాలిఫోర్నియా, వెర్మాంట్, మేరీల్యాండ్‌లలో ఇదే దారిలో దానికి సరిగ్గా వ్యతిరేకమైన సవరణలు ఓటుకు వచ్చాయి. పౌరులే ప్రతిపాదన రాసి, నిర్ణీత సంఖ్యలో సంతకాలు సేకరించి బ్యాలెట్‌కు ఎక్కించడం రెండో దారి. దీన్ని ‘ఇనిషియేటివ్’ అంటారు. చట్టసభ అప్పటికే చేసిన చట్టాన్ని ఉంచాలా, తీసెయ్యాలా అని సంతకాలతోనే ఓటుకు పెట్టడం మూడోది.

రెండో దారి అన్ని రాష్ట్రాల్లోనూ లేదు. 1898లో సౌత్ డకోటాతో మొదలైన ఈ పద్ధతి నేటికి దాదాపు సగం రాష్ట్రాల్లోనే ఉంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన టెక్సస్, జార్జియాల్లో రాష్ట్రస్థాయిలో పౌరుల ఇనిషియేటివ్ లేదు. టెక్సస్‌లో దాదాపు సంపూర్ణ నిషేధం, జార్జియాలో సుమారు ఆరు వారాల తర్వాత నిషేధం అమల్లో ఉన్నాయి. డల్లాస్‌లో ఉన్న తెలుగువారు పౌరసత్వం పొంది ఓటర్లైనా ఈ ప్రశ్న మీద నేరుగా ఓటు వేయలేరు. చట్టసభలో మూడింట రెండు వంతుల మంది ఒక సవరణను పంపితే తప్ప ఆ ప్రశ్న వారి దాకా రాదు. ఓహాయోలోని కొలంబస్‌లో ఉన్న వారి బంధువులైతే ఇదే విషయంతో ముడిపడిన ప్రశ్నల మీద 2023లో ఒకే ఏడాది రెండుసార్లు ఓటు వేశారు.

దారి ఉన్నచోట కూడా గుమ్మం దాటడం అంత తేలిక కాదు. మిషిగన్‌లో 2022లో ఏడు లక్షలకు పైగా సంతకాలు అందిన తర్వాత, పిటిషన్ పత్రంలో కొన్ని పదాల మధ్య ఖాళీలు లేకుండా అక్షరాలు అతుక్కుపోయాయని అభ్యంతరం వచ్చింది. పిటిషన్లను పరిశీలించే, ఇద్దరు రిపబ్లికన్లు, ఇద్దరు డెమోక్రాట్లు ఉన్న బోర్డు రెండుగా చీలిపోగా, రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నాకే ఆ ప్రశ్న బ్యాలెట్‌కెక్కి సుమారు 57 శాతంతో గెలిచింది. 2024లో ఆర్కాన్సా పరిస్థితి అందుకు భిన్నం. లక్షకు పైగా సంతకాలు వచ్చినా, డబ్బు తీసుకుని సంతకాలు సేకరించినవారికి శిక్షణ ఇచ్చినట్టు చూపే పత్రాలు సరైన పద్ధతిలో ఇవ్వలేదని అధికారులు తిరస్కరించారు. రాష్ట్ర సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు చీలి ఆ తిరస్కరణను సమర్థించింది. ఆర్కాన్సా ఓటరు అభిప్రాయం ఏమిటో అడిగేదాకానే రాలేదు.

మిసిసిపీది మరీ విచిత్రం. ఏ ఒక్క కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గం నుంచీ మొత్తం సంతకాల్లో అయిదో వంతుకు మించి లెక్కలోకి తీసుకోకూడదని ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది. ఆ నియమం రాసినప్పుడు నియోజకవర్గాలు అయిదు. 2000 జనగణన తర్వాత అవి నాలుగయ్యాయి. నాలుగు అయిదో వంతులు కలిపితే 80 శాతమే అవుతుంది కాబట్టి నూటికి నూరు ఎన్నటికీ కాదు. ఔషధంగా గంజాయి వాడకంపై వచ్చిన కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు 2021లో ఈ లెక్క చూపించి మొత్తం ఇనిషియేటివ్ పద్ధతినే పనికిరాకుండా చేసింది. గర్భస్రావాన్ని ప్రజలకే వదిలేస్తున్నామన్న డాబ్స్ కేసు పుట్టిన రాష్ట్రంలోనే ప్రజలు సంతకాలు పెట్టి అడిగే దారి మూసుకుపోయింది.

‘అవును’ అంటే ఏమిటో మొదట చదవాలి

డాబ్స్ తర్వాత మొదటి ఓటు 2022 ఆగస్టు 2న కాన్సస్‌లో జరిగింది. అక్కడి రాష్ట్ర సుప్రీంకోర్టు 2019లోనే రాష్ట్ర రాజ్యాంగం గర్భస్రావ హక్కును కాపాడుతుందని చెప్పింది. దాన్ని తొలగించే సవరణను చట్టసభ ప్రజల ముందు పెట్టింది. అంటే ‘అవును’ అన్నవారు హక్కును తీసేయమన్నట్టు, ‘కాదు’ అన్నవారు ఉంచమన్నట్టు. సుమారు 59 శాతం మంది ‘కాదు’ అన్నారు. మూడు నెలల తర్వాత మిషిగన్‌లో హక్కు కావాలన్నవారు ‘అవును’ అనాలి, అదే రోజు కెంటకీలో ‘కాదు’ అనాలి. ఆ రెండు చోట్లా హక్కుల పక్షమే గెలిచింది.

ఇలాంటి తికమక ఈ ఒక్క విషయానికే పరిమితం కాదు. నెబ్రాస్కా చట్టసభ 2015లో గవర్నర్ వీటోను సైతం తోసిరాజని మరణశిక్షను రద్దు చేసింది. దానిపై సంతకాలు సేకరించి 2016లో ప్రశ్నను ప్రజల ముందుకు తెచ్చారు. బ్యాలెట్ మీద ఉన్న రెండు ఎంపికలు ‘ఉంచండి’, ‘రద్దు చేయండి’. అయితే ఉంచాల్సింది మరణశిక్షను కాదు, దాన్ని రద్దు చేసిన చట్టాన్ని. అంటే మరణశిక్ష ఉండాలనుకునేవారు ‘రద్దు చేయండి’ అనే గడిలో గుర్తు పెట్టాలి. ఆ గందరగోళం ఎంత ఉన్నా దాదాపు 61 శాతం మంది మరణశిక్షను తిరిగి తెచ్చారు. అంత తేడా వచ్చినప్పుడు గందరగోళం వల్లే ఫలితం తారుమారైందని అనలేం. ఒకటి రెండు శాతాల తేడాతో తేలే ఓటులో మాత్రం ఆ మాట కొట్టిపారేయలేం.

ప్రశ్నను క్లుప్తంగా రాసే కలం ఎవరి చేతిలో ఉందన్నది ఇంకా ముఖ్యం. సవరణ పూర్తి పాఠం పొడవుగా ఉంటే బ్యాలెట్ మీద సారాంశం వేస్తారు. దాన్ని రాసేది సాధారణంగా ఎన్నికైన రాజకీయ నాయకులు, లేదా వారు కూర్చున్న బోర్డు. మిస్సోరీలో అప్పటి సెక్రటరీ ఆఫ్ స్టేట్ (రాష్ట్రంలో ఎన్నికలు చూసే అధికారి) రాసిన సారాంశంలో ‘ప్రమాదకరమైన, నియంత్రణ లేని’ గర్భస్రావాలు అన్న మాటలుండగా, అవి పక్షపాతంగా ఉన్నాయని 2023లో న్యాయస్థానాలు కొట్టివేసి వేరే పాఠం రాశాయి. ఓహాయోలో బ్యాలెట్ బోర్డు సవరణ పాఠాన్ని పక్కనపెట్టి తాను రాసిన సారాంశాన్ని వేసింది. అందులో ‘పిండం’ అన్న వైద్య పదం స్థానంలో ‘పుట్టని బిడ్డ’ అన్న మాట వాడింది. అక్కడి సుప్రీంకోర్టు ఆ మార్పును నిలబెట్టింది. ‘పిండం’ అనడమే మనసును మొద్దుబార్చే మాట అని నిషేధం కోరేవారు భావిస్తారు. ‘బిడ్డ’ అనగానే తీర్పు ముందే చెప్పేసినట్టని హక్కు కోరేవారు అంటారు. ఈ ప్రశ్నను ఏ వైపూ ఒరగకుండా అడగగల ఒక్క పదం ఇంగ్లీషులోనూ దొరకలేదు, తెలుగులోనూ నాకు తోచదు.

ఒకే ఏడాది, ఒకే రాష్ట్రం, రెండు ఓట్లు

గెలుపు గీతను ఎక్కడ గీస్తారన్నది ఎంత పెద్ద విషయమో తెలుసుకోవడానికి ఓహాయోను మించిన ఉదాహరణ లేదు. 2023 నవంబరులో గర్భస్రావ హక్కుపై పౌరుల ప్రతిపాదన ఓటుకు వస్తుందని తెలుస్తున్న సమయంలో, అక్కడి చట్టసభ ఆగస్టులో ప్రత్యేక ఎన్నిక పెట్టింది. రాజ్యాంగ సవరణ గెలవాలంటే ఇకపై సగం కంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలదు, 60 శాతం రావాలన్నది ఆ ఎన్నికలో ప్రశ్న. సంతకాలు 44 కౌంటీల (మన జిల్లాల్లాంటివి) నుంచి కాక మొత్తం 88 కౌంటీల నుంచీ తేవాలన్న నిబంధన కూడా అందులో ఉంది. ఇంతకీ ఆగస్టు ఎన్నికలకు ఖర్చెక్కువ, ఓటర్లు తక్కువ అంటూ వాటిని చాలావరకు ఎత్తేస్తూ అదే చట్టసభ కొన్ని నెలల ముందే చట్టం చేసి ఉంది.

ఆ రెండు ఓట్లనూ నూరుగురు ఓటర్ల లెక్కలో చూద్దాం. ఆగస్టు 8న 60 శాతం నియమానికి 43 మంది ‘అవును’, 57 మంది ‘కాదు’ అన్నారు. నియమం వీగిపోయింది. నవంబరు 7న గర్భస్రావ హక్కుకు 57 మంది ‘అవును’, 43 మంది ‘కాదు’ అన్నారు. సవరణ గెలిచింది. ఇప్పుడు ఆగస్టులో ఫలితం తిరగబడిందనుకోండి. నవంబరులో అదే 57 మంది అలాగే ‘అవును’ అని ఉన్నా, గీత 60 దగ్గర ఉంది కాబట్టి సవరణ ఓడిపోయేది. ఒక్కరి మనసు కూడా మారనక్కర్లేదు. ఒక రాష్ట్రపు చట్టం దారి మారడానికి గీత పది అంగుళాలు పైకి జరిగితే చాలు.

పై గీతను సమర్థించేవారి వాదనను తోసిపారేయకూడదు. రాజ్యాంగం మామూలు చట్టంలా ఏటా మారే పత్రం కాకూడదనీ, ఒక ఎన్నికలో స్వల్ప ఆధిక్యంతో లోపలికి వచ్చిన మాటను తర్వాతి తరాలు మోయాల్సి వస్తుందనీ, డబ్బున్న బయటి సంస్థలు వచ్చి సంతకాలు కొనుక్కుని రాజ్యాంగాన్ని మార్చకుండా కట్టడి కావాలనీ వారంటారు. కొలరాడో తన ఓటర్ల చేతనే 2016లో ఆ గీతను 55 శాతానికి పెంచింది. అక్కడ 2024లో గర్భస్రావ హక్కు సుమారు 62 శాతంతో ఆ గీతనూ దాటింది. ఎదుటి పక్షం అడిగేది మరొకటి: నియమం మంచిదే అయితే దాన్ని ఆట మధ్యలో ఎందుకు మార్చాలి? 43 మందికి 57 మందిని ఆపే శక్తి ఇవ్వడం స్థిరత్వమా, అల్పసంఖ్యాకుల పాలనా?

ఫ్లోరిడాలో 60 శాతం నియమం ఆట మధ్యలో వచ్చింది కాదు, 2006 నుంచి ఉంది. ఆ నియమాన్ని ఆ ఏడాది ఓటర్లు ఆమోదించింది సుమారు 58 శాతంతో, అంటే అది పెట్టిన పరీక్షలో అదే పాస్ కాదు. 2024లో 60 లక్షలకు పైగా ఓటర్లు గర్భస్రావ హక్కుకు ‘అవును’ అన్నారు. అదే రోజు ఆ రాష్ట్రంలో డొనాల్డ్ ట్రంప్‌కు వచ్చిన 56 శాతం కంటే అది ఒక శాతం ఎక్కువ. ట్రంప్‌కు 56 గెలుపు, సవరణకు 57 ఓటమి. ఆ ఏడాది మే 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆరు వారాల పరిమితి అలాగే మిగిలింది.

పార్టీకి ఒక ఓటు, ప్రశ్నకు మరో ఓటు

మిస్సోరీలో అదే రోజు ట్రంప్‌కు 58 శాతానికి పైగా ఓట్లొచ్చాయి. అక్కడ గర్భస్రావ హక్కూ గెలిచింది. మోంటానా, అరిజోనా, నెవాడాల్లోనూ అదే జరిగింది. నిషేధాన్ని సమర్థించే పార్టీకి ఓటు వేసినవారిలో కొందరు నిషేధానికి వ్యతిరేకంగానూ ఓటు వేశారన్నది దీన్ని బట్టి స్పష్టం. బ్యాలెట్ ప్రతిపాదనలను మెచ్చుకునేవారి బలమైన వాదన ఇక్కడే ఉంది. ఎన్నికల్లో ఓటరు అభ్యర్థితో పాటు పన్నులు, తుపాకులు, వలసలు, గర్భస్రావం అన్నిటినీ ఒకే మూటగా కొనుక్కోవాలి. బ్యాలెట్ ప్రతిపాదన ఆ మూట విప్పి ఒక్క సరుకును విడిగా తూచనిస్తుంది.

అయితే అందులో రెండే గడులుంటాయి. చట్టసభలో అయితే ఒక సభ్యుడు లేచి ‘15 వారాలు కాదు, 18 పెడదాం’ అనగలడు. అత్యాచార బాధితులకు మినహాయింపు చేర్చమని మరొకరు బేరమాడగలరు. ఓటరుకు ఆ వీలు లేదు. ‘ఆరు వారాలు మరీ తక్కువ, 24 మరీ ఎక్కువ’ అనుకునే పౌరురాలు ఫ్లోరిడాలో ఏ గడిలో గుర్తు పెట్టినా తనది కాని అభిప్రాయాన్నే చెప్పినట్టవుతుంది. అలాంటివారు తక్కువేమీ కాదు.

ప్రతిపాదనల పాఠంలో అసలు తగువంతా రెండు మూడు మాటల దగ్గరే ఉంటుంది. చాలా సవరణలు వయబిలిటీ వరకు నిషేధం వద్దంటాయి. ఆ తర్వాత కూడా తల్లి ప్రాణం లేదా ఆరోగ్యం కాపాడటానికి వైద్యులు అవసరమంటే అనుమతించాలంటాయి. ‘ఆరోగ్యం’ అన్న మాటలో మానసిక ఆరోగ్యమూ పడితే చివరి నెలల్లోనూ హద్దు లేకుండా పోతుందని వ్యతిరేకుల భయం. మైనర్ల విషయంలో తల్లిదండ్రుల అనుమతి చట్టాలు నిలవవేమోనన్నది మరో భయం. ప్రసవ సమయపు ఆపదలను ముందుగా జాబితా రాసి చట్టంలో పెట్టడం ఎవరికీ సాధ్యం కాదనీ, జైలు భయంతో వైద్యులు రోగి పరిస్థితి విషమించేదాకా ఆగిపోతున్నారనీ సమర్థకులంటారు. సౌత్ డకోటాలో 2024లో వచ్చిన ప్రతిపాదన గర్భకాలాన్ని మూడు భాగాలు చేసి మధ్యేమార్గం వెతికింది. నిషేధం కోరేవారు దాన్ని ఎలాగూ వ్యతిరేకించారు, హక్కులు కోరే పెద్ద సంస్థలు కూడా వెనుక నిలబడలేదు. అది 41 శాతం దగ్గర ఆగిపోయింది.

నెబ్రాస్కా మాత్రం రెండు తూకపురాళ్లనూ ఒకేసారి పెట్టి చూసింది. ఒక ప్రతిపాదన వయబిలిటీ వరకు హక్కు కోరింది. రెండోది మొదటి మూడు నెలల తర్వాత, కొన్ని మినహాయింపులతో, నిషేధాన్ని రాజ్యాంగంలో పెట్టమంది. మొదటిదానికి సుమారు 49 శాతం, రెండోదానికి సుమారు 55 శాతం ‘అవును’ వచ్చాయి. కూడితే నూరు దాటుతుంది, అంటే కొందరు రెండింటికీ ‘అవును’ అన్నారు. వాళ్లు అయోమయంలో ఉన్నారనుకోవచ్చు. ఉన్న పరిస్థితి కంటే ఏ రక్షణైనా నయమే, ఏ పరిమితైనా మంచిదే అని ఆలోచించి ఉండవచ్చు కూడా. మూడో దారి లేని రెండు గడుల మధ్య మధ్యస్థులు ఇలాగే చీలిపోతారు.

ఓటు పడ్డాక మొదలయ్యే పని

సవరణ గెలవగానే పాత చట్టాలు వాటంతటవే మాయం కావు. అవి కొత్త రాజ్యాంగ వాక్యానికి విరుద్ధమని ఎవరో ఒకరు కోర్టుకెక్కి చెప్పించుకోవాలి. మిస్సోరీలో 2024 డిసెంబరులో ఒక న్యాయమూర్తి నిషేధాన్ని నిలిపివేసినా క్లినిక్‌లు తెరుచుకోలేదు, ఎందుకంటే వాటి లైసెన్సు నిబంధనలు అలాగే ఉన్నాయి. ఫిబ్రవరిలో ఆ నిబంధనలనూ ఆపారు. మేలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను పక్కకు పెట్టింది. జులైలో అదే న్యాయమూర్తి మళ్లీ ఆపారు. ఆ ఏడెనిమిది నెలల్లో రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు, కానీ గర్భిణికి చికిత్స దొరుకుతుందా లేదా అన్నది మూడుసార్లు మారింది.

మరణం మీద ఓటు: ఒరెగాన్ చూపిన దారి

డాబ్స్ తీర్పుకు చాలా ముందే ఈ పద్ధతిలో ప్రజల ముందుకు వచ్చిన మరో ప్రశ్న వైద్యుల సాయంతో మరణం. దీన్ని మన దగ్గర కారుణ్య మరణంతో కలిపేస్తుంటారు గానీ రెండూ ఒకటి కాదు. వైద్యుడే సూది వేసి ప్రాణం తీయడం వేరు, వెంటిలేటర్ తీసేయడం వేరు. ఒరెగాన్ చట్టం ప్రకారం, ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు వైద్యులు నిర్ధారించిన వయోజన రోగి, తన నిర్ణయం తాను తీసుకోగల స్థితిలో ఉంటే, మౌఖికంగా పలుమార్లూ రాతపూర్వకంగానూ అడిగి ప్రాణం పోయే మందు రాయించుకోవచ్చు. దాన్ని తీసుకోవాల్సింది మాత్రం రోగే.

దీనికి ముందు వాషింగ్టన్ ఓటర్లు 1991లో, కాలిఫోర్నియా ఓటర్లు 1992లో ‘కాదు’ అన్నారు. ఒరెగాన్ 1994లో సుమారు 51 శాతంతో ‘అవును’ అంది. కోర్టుల్లో అది మూడేళ్లు చిక్కుకున్నాక చట్టసభ ‘రద్దు చేస్తారా’ అని మళ్లీ అడిగింది. 1997లో 60 శాతం మంది రద్దు వద్దన్నారు. మొదటిసారి 51, రెండోసారి 60. మనసులు మారాయా, అడిగింది తాము ఒకసారి తేల్చిన విషయాన్నే కాబట్టి చిరాకుపడ్డారా అన్నది నేటికీ రెండు రకాలుగా చెబుతారు. 2008లో వాషింగ్టన్, 2016లో కొలరాడో ఆ దారిలో నడిచాయి. మసాచుసెట్స్‌లో 2012లో సర్వేలు స్పష్టమైన ఆధిక్యం చూపగా చివరి వారాల ప్రచారం తర్వాత అది 51–49తో ఓడింది. 2024లో వెస్ట్ వర్జీనియా ఎదురుదిశలో వెళ్లి, సగానికి కాస్త పైన ఓట్లతో, అలాంటి మరణాన్ని నిషేధించే వాక్యాన్ని తన రాజ్యాంగంలో చేర్చింది.

ఇక్కడి పక్షాలు గర్భస్రావం పక్షాలతో సరిగ్గా సరిపోలవు. మతసంస్థలతో పాటు వికలాంగుల హక్కుల కార్యకర్తలూ వ్యతిరేకుల్లో ఉన్నారు. వైద్యఖర్చు భరించలేని రోగికి, ఇంటివారికి భారమయ్యానని కుంగిపోయే రోగికి ఈ ‘ఎంపిక’ మెల్లగా ఒత్తిడిగా మారుతుందన్నది వారి ఆందోళన. బాధ భరించేవారికే దాని కొలత తెలుసనీ, రక్షణ నిబంధనలు అందుకే ఉన్నాయనీ మరో పక్షం అంటుంది.

మన దగ్గర ఇదే ప్రశ్నకు ఓటు లేదు

భారతదేశంలో ఈ రెండు విషయాలనూ ప్రజలు నేరుగా తేల్చే ఏర్పాటు లేదు. గర్భస్రావం 1971 నాటి పార్లమెంటు చట్టంతో వచ్చింది, 2021 సవరణతో కొన్ని వర్గాల మహిళలకు గడువు 24 వారాలకు పెరిగింది. అయితే అది మహిళ హక్కుగా కాక వైద్యుల అభిప్రాయం మీద నిలబడిన అనుమతిగా ఉంది. మరణం విషయం మొత్తంగా కోర్టుల చేతిలోనే నడిచింది. 2004 డిసెంబరులో హైదరాబాదులో, కండరాలు క్షీణించే వ్యాధితో ఆసుపత్రిలో ఉన్న ఒక యువ చదరంగ క్రీడాకారుడు, తన అవయవాలు పాడవకముందే దానం చేసేలా ప్రాణం విడవనివ్వమని కోరాడు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు, కొద్ది రోజుల్లోనే అతను చనిపోయాడు. కోలుకోలేని రోగికి ప్రాణాధార యంత్రాలు తొలగించడాన్ని, అలాంటి స్థితిలో చికిత్స ఆపమని ముందే రాసిపెట్టుకునే వీలునామాను సుప్రీంకోర్టు 2018లో అనుమతించింది. కోర్టు దారిలో వాదనలు వివరంగా నడుస్తాయి, కారణాలు కాగితం మీద ఉంటాయి, ఎవరి కోసం అడుగుతున్నారో ఆ మనిషి కళ్లెదుట ఉంటాడు. కానీ కోట్లమంది మాట అందులో వినపడదు. ఓటు దారిలో మాట వినపడుతుంది, మనిషి కనపడడు.

దారి మీద ఇరుపక్షాల అభిప్రాయమూ, నిజం చెప్పాలంటే, గెలుపును బట్టే మారుతూ వచ్చింది. డాబ్స్‌కు ముందు దశాబ్దాల పాటు ‘ప్రజలే తేల్చాలి’ అన్న పక్షంలోని కొందరు నాయకులు, ప్రజలు తేల్చడం మొదలుపెట్టగానే గీతను పైకి జరపబోయారు. ‘మౌలిక హక్కులను ఓటుకు పెట్టకూడదు’ అన్న పక్షం ఇప్పుడు సంతకాల పత్రాలు పట్టుకుని వీధుల్లో ఉంది. రెండు పక్షాల్లోనూ నిజాయితీపరులు లేరని కాదు. జీవన్మరణ ప్రశ్నల్లో నియమాల చర్చ నియమాల కోసమే జరగడం చాలా అరుదు.

నెవాడా రాజ్యాంగం ప్రకారం పౌరుల సవరణ వరుసగా రెండు ఎన్నికల్లో గెలవాలి. 2024లో 64 శాతంతో నెగ్గిన ప్రతిపాదన అందుకే 2026 నవంబరులో మళ్లీ ఓటుకు వెళ్లాలి. మిస్సోరీ చట్టసభ కూడా అదే బ్యాలెట్ కోసం, 2024 సవరణను తొలగించి చాలావరకు నిషేధాన్ని తెచ్చే ప్రతిపాదనను పంపింది. మైనర్లకు లింగమార్పిడి చికిత్సలపై నిషేధాన్నీ అందులోనే కలిపింది. ఉన్న హక్కును తొలగిస్తుందన్న మాట సారాంశంలో లేదని కోర్టు దాన్ని తిరిగి రాయమంది. 2024లో గెలిచిన ప్రతిపాదన పేరు సవరణ 3. కొత్తదానికీ అదే సంఖ్య పడింది. నాడు సవరణ 3కు ‘అవును’ అన్న ఓటరు తన మాట మీదే నిలబడాలంటే, ఈసారి సవరణ 3కు ‘కాదు’ అనాలి.